కాన్వాస్ టాపు తీసేసి గట్టి కప్పు వేయించాలంటే...

ప్రశ్న: మేం ఇంగ్లండులో, రెడింగ్‌లో ఉంటాం. థేమ్స్ నదిలో తిరగడానికి 23 అడుగుల పాత ఫైబర్ మోటారు బోటు కొన్నాం. పెట్రోల్ ఇంజను. ముందు చిన్న క్యాబిన్ ఉంది, వెనక అంతా ఖాళీ. మడతపెట్టే కాన్వాస్ టాపు కుట్ల దగ్గర కారుతోంది. వచ్చే వేసవిలో అమలాపురం నుంచి అత్తయ్యగారు, మామయ్యగారు వస్తున్నారు. వాళ్లను ఆక్స్‌ఫర్డ్ మీదుగా లెచ్‌లేడ్ దాకా తీసుకెళ్లాలని ఉంది. ప్లైవుడ్‌తో గట్టి కప్పు వేయించవచ్చా?
— ఒక పాఠకుడు, రెడింగ్

జవాబు: వేయించవచ్చండి. కానీ మీరు లెచ్‌లేడ్ అన్నారు కాబట్టి ముందు ఎత్తు సంగతి చూడాలి. ఆక్స్‌ఫర్డ్‌లో ఓస్నీ వంతెన కింద ఉండే ఖాళీ 2.28 మీటర్లు, అంటే ఏడున్నర అడుగులు. అక్కడి పాత రాతి వంతెన 1885లో కూలిపోతే 1889లో ఇప్పుడున్నది కట్టారు. పెద్ద బోట్లు అక్కడి నుంచే వెనక్కి తిరుగుతాయి. వానలకు నీరు పెరిగితే ఆ ఖాళీ కూడా తగ్గిపోతుంది. మనిషి నిలబడే ఎత్తులో కప్పు వేస్తే మీ ప్రయాణం ఆ వంతెన దగ్గరే ఆగిపోవచ్చు. ట్యాంకు ఖాళీగా ఉన్నప్పుడు, లోపల ఎవరూ లేనప్పుడు బోటు బాగా పైకి తేలుతుంది. అప్పుడు నీటి మట్టం నుంచి కొలవండి. కూర్చుని నడిపేంత ఎత్తే చాలనుకుంటే మీ ఇబ్బంది చాలావరకు తీరుతుంది.

ఇక బరువు. నేను కాకినాడలో ఫైబర్ బోట్ల పని నేర్చుకున్నాను. తర్వాత థేమ్స్ ఒడ్డున ఒక యార్డులో పనిచేశాను. అక్కడ నా సొంత 22 అడుగుల బోటుకు 18 మిల్లీమీటర్ల ప్లైతో కప్పు వేశాను. ఐదు చదరపు మీటర్ల ప్లై, కింద కర్రలు, స్తంభాలు అన్నీ కలిపి 80 కిలోలు తేలాయి. కప్పు వేయకముందు నిశ్చలమైన నీటిలో, తాళ్లు వదులు చేసి, ఒక పక్క అంచు మీద తొక్కుతూ బోటును ఊపి చూశాను. పది ఊగులకు 22 సెకన్లు పట్టింది. కప్పు వేశాక 25 పట్టింది. నెమ్మదిగా ఊగుతుంటే కూర్చున్నవాళ్లకు హాయిగానే అనిపిస్తుంది. కానీ పక్కకు ఒరిగిన బోటు తిరిగి నిటారుగా లేచే బలం తగ్గిందని దాని అర్థం. ఆ తర్వాత పక్క నుంచి గాలి కొట్టినప్పుడల్లా నాకు టెన్షనే. శీతాకాలంలో దాన్ని తీసేసి, మధ్యలో 20 మిల్లీమీటర్ల ఫోమ్, పైనా కిందా పలుచని ఫైబర్ పొరలతో కొత్త కప్పు చేశాను. బరువు సగానికి తగ్గింది. మీకూ అదే చెబుతాను. ప్లైతోనే చేయాలనుకుంటే 9 మిల్లీమీటర్ల మెరైన్ ప్లై వాడి, మధ్యలో కాస్త ఉబ్బు ఇవ్వండి. దాంతో బిగువు వస్తుంది, నీరూ నిలవదు. స్తంభాల బోల్టుల కింద వెడల్పాటి ప్లేట్లు తప్పకుండా పెట్టించండి. లేకపోతే ఫైబర్ పగులుతుంది.

కంటికి కనబడని ప్రమాదం ఇంకొకటుంది. ముందు, పక్కలు మూసేసి వెనక మాత్రం తెరిచి ఉంచితే, బోటు నడుస్తున్నప్పుడు వెనక గాలి సుడి తిరిగి ఇంజను పొగను లోపలికి లాగుతుంది. అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. ముందు అద్దం తెరుచుకునేలా చేయించండి, అలారం పెట్టండి. పెట్రోల్ ఆవిరి గాలి కన్నా బరువు కాబట్టి అడుగున చేరుతుంది. ఇంజను గది గాలిదారులకు కొత్త పని అడ్డు రాకూడదు. బీమా వాళ్లకు ముందే చెప్పండి.

పెద్దవాళ్ల గురించి కూడా ఆలోచించండి. ఇప్పుడైతే ఎక్కడి నుంచైనా కాలు పెట్టి దిగవచ్చు. గట్టి కప్పు వచ్చాక వంగి, ఒక దారిలోనే దిగాలి. ఆ దారి పక్కన చేతికి అందేలా కడ్డీ ఉండాలి. ధవళేశ్వరంలో లాకులు చూసిన గోదావరి మనుషులకు థేమ్స్ లాకులు కొత్తేమీ కాదు. కానీ లాకులో తాడు పట్టుకోవాలన్న ఉత్సాహంలో ఎవరో ఒకరు కప్పెక్కుతారు. ఆ ఎత్తులో ఒక మనిషి బరువంటే, కప్పు బరువంతా మళ్లీ కలిపినట్టే. ఎవరినీ ఎక్కనివ్వకండి, పిల్లలనైనా సరే.

కాన్వాస్ ఉండగానే ఆ పది ఊగుల సమయం లెక్కపెట్టి రాసుకోండి. కప్పు బిగించాక ఆ అంకె ఇక దొరకదు.