మా అమ్మాయి కాంపోజిట్స్ చదువుతానంటోంది, పంపొచ్చా?

కాకినాడ నుంచి ఒక నాన్నగారు అడిగిన ప్రశ్న ఇది. ఆయనకి ఫైబర్ బోట్లు చేసే షెడ్డు ఉంది. అమ్మాయి బీటెక్ మెకానికల్ మూడో సంవత్సరం, కాంపోజిట్ మెటీరియల్స్‌లో, అంటే పోగుల్ని రెజిన్ అనే జిగురులో పెట్టి గట్టిపరిచే సరుకులో, ఎంటెక్ చేస్తానని పట్టుబడుతోందట. "నేను ఈ రెజిన్ వాసనలో, ఈ దురదల్లో పడింది చాలదా, ఇంత చదివించి మళ్ళీ ఫైబర్ పనికే పంపాలా, చుట్టాలందరూ జావా నేర్పించమంటున్నారు, అసలు ఉద్యోగాలున్నాయా లేవా ఉన్నదున్నట్టు చెప్పండి" అని రాశారు.

సార్, ఉన్నదున్నట్టే చెప్తాను. మీరు చేసేదీ, అమ్మాయి చేస్తానంటున్నదీ మూలంలో ఒకటే పని, కాదని నేను అబద్ధం చెప్పను. మీరు అచ్చుకి జెల్ కోట్, అదే పై పూత, కొట్టి, గ్లాస్ మ్యాట్ పరిచి, పాలియెస్టర్ రెజిన్‌లో అది గట్టిపడ్డానికి కోబాల్ట్, కెటలిస్ట్ కలిపి పోసి రోలర్‌తో గాలి బయటికి తోస్తారు. విమానం రెక్క చేసేవాళ్ళు కూడా పోగులు పరుస్తారు, రెజిన్ గట్టిపరుస్తారు, అచ్చు నుంచి ఊడదీస్తారు, అంతే. కానీ వాళ్ళు వాడేది కార్బన్ ఫైబర్, ఒక్కో పోగు 5 నుంచి 7 మైక్రాన్లు, అంటే మన తల వెంట్రుకలో పదో వంతు మందం. దానికి ఎపాక్సీ రెజిన్ ముందే పట్టించి చుట్టలుగా చేసి మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో దాస్తారు, ప్రీప్రెగ్ అంటారు దాన్ని, బయటికి తీసి ఎన్ని గంటలైందో కూడా రిజిస్టర్‌లో రాసుకోవాలి, గడువు దాటితే లక్షల సరుకైనా పక్కన పడేయాల్సిందే. పొరలు పరిచాక బ్యాగ్ వేసి వాక్యూమ్ లాగి ఆటోక్లేవ్‌లో పెడతారు, పెద్ద ప్రెషర్ కుక్కర్ లాంటిదనుకోండి, 180 డిగ్రీల వేడి, వాతావరణానికి ఆరేడు రెట్లు ఒత్తిడి. అదంతా ఎందుకంటే లోపల గాలి బుడగలు ఒక శాతం దాటకూడదు, పోగు వాటా ఘనపరిమాణంలో 60 శాతం దాకా రావాలి. మీ మ్యాట్ పనిలో బరువు లెక్కన చూసినా గ్లాస్ సుమారు మూడో వంతే ఉంటుంది కదా, మిగతాదంతా రెజినే.

ఇప్పుడు అమ్మాయి ఎందుకు పట్టుబడుతోందో చూద్దాం. కార్బన్ పోగు బిగువు, అదే లాగితే సాగకుండా నిలబడే గుణం, మాడ్యులస్ అంటారు, 230 గిగాపాస్కల్స్ అనుకోండి, ఎపాక్సీది 3.5. పోగు 60 శాతం ఉంటే పోగుల దిశలో 0.6 ఇంటూ 230, ప్లస్ 0.4 ఇంటూ 3.5, మొత్తం సుమారు 139. స్టీల్‌కి 200, అల్యూమినియంకి 70. ఓస్ ఇంతేనా, స్టీలే ఎక్కువ కదా అనిపిస్తుంది, కానీ బరువుతో భాగించి చూడండి, స్టీల్ సాంద్రత ఘన సెంటీమీటరుకి 7.85 గ్రాములు, అల్యూమినియం 2.7, ఇది 1.6. స్టీల్‌కి 25, అల్యూమినియంకి 26, దీనికి 87 వస్తుంది. స్టీలూ అల్యూమినియమూ దాదాపు సమానంగా రావడం చాలామంది గమనించరు.

అయితే యూట్యూబ్‌లో "స్టీల్ కంటే ఎన్నో రెట్లు బలం" అని ఊదరగొట్టేవాళ్ళు చెప్పని సంగతి ఒకటుంది, ఆ 87 పోగు ఉన్న దిశలో మాత్రమే, అడ్డంగా లాగితే ఆ 139 కాస్తా పది కిందికి పడిపోతుంది. అన్ని దిశల్లోనూ పనికి రావాలని సున్నా, 45, మైనస్ 45, 90 డిగ్రీల్లో పొరలు వేస్తే మొత్తం మీద 50 దగ్గర ఆగుతుంది, బరువుతో భాగిస్తే 30 పైచిలుకు. అంటే అల్యూమినియం కంటే మెరుగే గానీ బ్రహ్మాండమేమీ కాదు. బలం ఏ దిశలో కావాలో తెలిసి అక్కడే పోగు పెట్టగలిగిన మనిషి ఉంటేనే దీని ఖరీదుకి అర్థం, ఆ మనిషికే ఉద్యోగం. కేవలం "కాంపోజిట్స్ తెలుసు" అంటే ఎవరూ తీసుకోరు సార్.

అమ్మాయికి నిజంగా ఇష్టం ఉందో లేక విమానం బొమ్మ చూసి ముచ్చట పడుతోందో తెలుసుకోవాలంటే ఒక లెక్క ఇవ్వండి. లోపల గ్యాస్ ఒత్తిడి ఉన్న పైపుకి పోగు చుట్టాలి, ఏ కోణంలో చుట్టాలి? జవాబు 54.7 డిగ్రీలు. పైపు గోడలో చుట్టూ వచ్చే లాగుడు పొడవునా వచ్చేదానికి రెట్టింపు ఉంటుంది, అందులోంచే ఆ కోణం వస్తుంది. తనంతట తాను కూర్చుని తెల్లారేలోపు అది తేలిస్తే నిశ్చింతగా పంపండి. జవాబు గూగుల్ చేసి చూపిస్తే ఇంకోసారి మాట్లాడుకుందాం.

ఇక ఉద్యోగాలు. హైదరాబాద్‌కి ఈ విషయంలో చరిత్ర ఉంది. అగ్ని క్షిపణి మొదటి ప్రయోగం 1989 మే 22న జరిగింది, వాతావరణంలోకి తిరిగొచ్చేటప్పుడు ఆ వేడికి తట్టుకునే ముక్కుభాగం కాంపోజిట్‌తోనే చేశారు. ఆ పని చూసిన నిమ్స్ ఎముకల డాక్టరు ఒకాయన మా పోలియో పిల్లలు కాళ్ళకి కట్టుకునే కాలిపర్లు మూడు కిలోలున్నాయి, ఏమన్నా చేయగలరా అని అడిగితే 300 గ్రాముల్లో చేసిచ్చారని కలాం గారే చెప్పుకునేవారు. ఈరోజుకీ డీఆర్‌డీఓ వాళ్ళ అడ్వాన్స్‌డ్ సిస్టమ్స్ ల్యాబొరేటరీ ఆ ఊళ్ళోనే ఉంది, అగ్ని-5 పై స్టేజీల మోటార్ కేసింగులు, అంటే ఇంధనం ఉండే డొల్లలు, కాంపోజిట్‌వే. స్కైరూట్ అనే ప్రైవేటు కంపెనీ వాళ్ళు 2022 నవంబర్‌లో ఎగరేసిన విక్రమ్-ఎస్ రాకెట్ బాడీ కార్బన్ కాంపోజిట్. ఆదిభట్ల వైపు ఏరోస్పేస్ ఫ్యాక్టరీలు వచ్చాయి నిజమే, కానీ అక్కడ చాలావరకు మెటల్ పనే, బోర్డు మీద ఏరోస్పేస్ అని ఉంటే లోపల కార్బన్ ఉంటుందనుకోకండి. బెంగళూరులో విమానాల పరిశోధన చేసే ఎన్ఏఎల్, విమానాలు తయారుచేసే హెచ్ఏఎల్ ఉన్నాయి, తేజస్ యుద్ధవిమానం బరువులో 45 శాతం కాంపోజిటే, ఆ తెలివితేటలు చాలావరకు అక్కడివే. తిరువనంతపురంలో ఇస్రో వాళ్ళ రాకెట్ కేంద్రం వీఎస్ఎస్‌సీ ఉంది.

విమానాల మోజులో పడి మనవాళ్ళు పట్టించుకోనిది గాలిమర రెక్కలు. అవి 60, 70 మీటర్ల పొడవుంటాయి, ఎక్కువగా గ్లాస్ ఫైబర్, ఎపాక్సీ, పొడి బట్ట పరిచి వాక్యూమ్‌తో రెజిన్ లాగిస్తారు. నన్నడిగితే ఫ్రెషర్‌కి నాలుగు విషయాలు తొందరగా నేర్పే చోటు ఏరోస్పేస్ కంటే ఇదే, ఎందుకంటే ఇక్కడ సరుకు రోజూ తయారవుతుంది, తప్పులూ రోజూ దొరుకుతాయి. ఫ్యాక్టరీలు గుజరాత్, తమిళనాడు, కర్ణాటక వైపు ఎక్కువ, మన అనంతపురం వైపు గాలిమరలున్నాయి కాబట్టి రిపేరు, ఇన్‌స్పెక్షన్ పని ఇక్కడా ఉంటుంది. హైదరాబాదే కావాలి, అదీ ఇంటి దగ్గరే కావాలి అంటే మాత్రం ఈ లైన్ వద్దు, ముందే చెప్తున్నా.

జావా సంగతి. మొదటి జీతం చూసుకుంటే సాఫ్ట్‌వేర్ ముందుంటుంది, వాదించను. ఖాళీల సంఖ్యా అక్కడే ఎక్కువ. కాంపోజిట్స్‌లో ఖాళీలు తక్కువ, మొదటి రెండు మూడేళ్ళు షాప్ ఫ్లోర్‌లో నిలబడాలి, చుట్టాల ముందు చెప్పుకోడానికి అంత బాగుండదు. మీకు అప్పులుండి ఏడాదిలో జీతం రావాల్సిన పరిస్థితైతే ఆ మాట అమ్మాయితో సూటిగా చెప్పండి, తప్పేం లేదు, సాఫ్ట్‌వేర్‌లో చేరినా తర్వాత అనాలిసిస్, అంటే కాంపోజిట్ భాగాల బలాన్ని కంప్యూటర్లో లెక్కగట్టే పని, వైపు రావచ్చు, కొంచెం చుట్టుదారి అంతే.

దురదలు, వాసన గురించి మీ భయం న్యాయమైనదే. మీ షెడ్డులో వాసన పాలియెస్టర్ రెజిన్‌లో ఉండే స్టైరీన్‌ది, ప్రీప్రెగ్ పనిలో అది ఉండదు, క్లీన్ రూమ్‌లో గ్లవ్స్, కోటు వేసుకుని చేస్తారు. కానీ ఎపాక్సీ కూడా కొందరికి చర్మానికి పడదు, ఒకసారి అలర్జీ వస్తే జీవితాంతం ఉండిపోవచ్చు, ట్రిమ్మింగ్ దగ్గర దుమ్మూ ఉంటుంది. మాస్కు లేకుండా పని చేయించే చోట ఒక్కరోజు కూడా ఉండొద్దని చెప్పండి. కోబాల్ట్, కెటలిస్ట్ నేరుగా ఒకదాన్లో ఒకటి పోస్తే భగ్గుమంటుందని తనకి మీరే నేర్పి ఉంటారు, చాలా కాలేజీ ల్యాబుల్లో పిల్లలకి ఆ సంగతే తెలీదు.

చదువు విషయానికొస్తే మెకానికలే కరెక్ట్, కాంపోజిట్స్ పేరుతో కొత్తగా పెట్టిన బీటెక్ బ్రాంచీల్లో పడలేదు, సంతోషం. గేట్ మూడో ఏడాదిలోనే రాయనిస్తారు, మెకానికల్ పేపర్ రాయమనండి, ఎక్స్‌ఈ, అదే ఇంజనీరింగ్ సైన్సెస్, పేపర్లో సాలిడ్ మెకానిక్స్, మెటీరియల్స్ తీసుకుని రాసేవాళ్ళూ ఉన్నారు గానీ డీఆర్‌డీఓ లాంటి చోట్లకి మెకానికల్ స్కోరే ఎక్కువ పనికొస్తుంది. ఐఐఎస్‌సీ, ఐఐటీల్లో మెకానికల్ గానీ ఏరోస్పేస్ గానీ మెటీరియల్స్ గానీ ఏదైనా పర్లేదు, డిగ్రీ పేరు కంటే గైడు దగ్గర ఆటోక్లేవ్, టెస్టింగ్ మెషిన్ ఉన్నాయా అన్నది చూడాలి. ఈలోపు ఐఐటీల ఆన్‌లైన్ పాఠాలుండే ఎన్‌పీటెల్‌లో లామినేట్ థియరీ, అంటే పొరల లెక్కలు, ఫ్రీగా వినొచ్చు, ఆ లెక్కలు చేసే ఆన్సిస్ సాఫ్ట్‌వేర్ స్టూడెంట్ వెర్షన్ కూడా ఫ్రీయే. డిజైన్ సీట్ల కోసం అందరూ ఎగబడతారు, శబ్దతరంగాలతో లోపల చూసే అల్ట్రాసోనిక్ ఇన్‌స్పెక్షన్ నేర్చుకునేవాళ్ళు తక్కువ. పైకి గీత కూడా కనపడకుండా లోపల పొరలు విడిపోవడం ఈ మెటీరియల్‌కున్న పెద్ద రోగం, దాన్ని పట్టుకునేవాళ్ళు అన్ని చోట్లా కావాలి.

ఫైనలియర్ ప్రాజెక్టుకి బయట ఎక్కడో కొనుక్కొచ్చే రిపోర్టులు వద్దు సార్. మీ షెడ్డే ఉంది. ఒకే మ్యాట్, ఒకే రెజిన్ తీసుకుని కొన్ని ముక్కలు మీరు రోలర్‌తో చేయండి, కొన్ని తను వాక్యూమ్ బ్యాగ్ వేసి చేయాలి, పంపు మీ దగ్గర లేకపోతే పాత ఫ్రిజ్ కంప్రెసర్‌తో కూడా మొదలెట్టొచ్చు. ముక్కలు కోసి కాలేజీలో వంచి విరగ్గొట్టి, ఇంకొన్ని మఫుల్ ఫర్నేస్ అనే ల్యాబ్ కొలిమిలో రెజిన్ కాల్చేసి మిగిలిన గ్లాస్ తూకం వేస్తే పోగు వాటా ఎంతో తేలుతుంది. ఆ పట్టిక, విరిగిన ముక్కల ఫొటోలు పెట్టి డీఆర్‌డీఓ ల్యాబ్ ఇంటర్న్‌షిప్‌కి కాలేజీ లెటర్‌తో అప్లై చేయించండి, లెటర్ కోసం హెచ్ఓడీని ఇప్పుడే కదపాలి, ఆఖర్న తిరిగితే సంతకం దొరకదు.