అల్లుడూ, రేడియేటర్ కొనే ముందు గాలికి దారి చూడు

అల్లుడూ,

నీ మెసేజ్ చూశాను, ఫోటోలూ చూశాను. నువ్వు సొంతంగా కట్టుకుంటున్న కారు ఛాసిస్ వెల్డింగ్ చక్కగా కుదిరింది. ఆ ఫ్రేములో యమహా ఆర్‌వన్ బైకు ఇంజన్ కూర్చున్న తీరు చూస్తే కోవెంట్రీ నుంచి ఇప్పటికిప్పుడు బయల్దేరి మీ లెస్టర్ వచ్చేయాలనిపించింది. సరే, నువ్వడిగిన సంగతికి వస్తా. బైకుతో వచ్చిన రేడియేటరే బిగించేయనా, లేక ఆ పెద్ద అల్యూమినియంది ఆర్డర్ పెట్టనా అన్నావు. రెండూ వద్దు. ఈ వారం అసలు ఏదీ కొనకు.

బైకు రేడియేటర్‌ను నేను తక్కువ చేసి మాట్లాడటం లేదు. బైకు మీద అది ముందు చక్రం వెనకే, నేరుగా గాలికి ఎదురుగా ఉంటుంది, మనిషితో కలిపి ఆ బండి 300 కిలోలు కూడా దాటదు. నీ కారు నువ్వెక్కాక 550 కిలోల దాకా తూగుతుంది, పైగా లోటస్ సెవెన్ అనే పాత స్పోర్ట్స్ కారు ఆకారం గాలిని కోసుకుపోయేది కాదు, అడ్డంగా తోసుకుంటూ పోయేది. అంటే అదే వేగానికి ఇంజన్ చాలా ఎక్కువ కష్టపడాలి. పెట్రోలు శక్తిలో మోటుగా మూడో వంతు పనికొస్తుంది, మూడో వంతు సైలెన్సర్‌లోంచి పోతుంది, మిగిలిందంతా నీళ్లలోకి, ఆయిల్లోకే. ఉదయం పూట చల్లగా ఉన్నప్పుడు ఊళ్లో తిరిగితే బైకుదే సరిపోయిందనిపిస్తుంది. జూలైలో ట్రాక్ మీద వరసగా పది ల్యాపులు తిప్పినప్పుడు తెలుస్తుంది. ఇంకో చిక్కు, చాలా బైకు రేడియేటర్లు వంపు తిరిగి ఉంటాయి, కారు ముందు మూతి తొడుగులో, అదే నోస్‌కోన్‌లో, వాటి చుట్టూ సందులు మూయడం ఓ యాతన.

మరి పెద్దది ఎందుకు వద్దంటున్నానో విను. నా మొదటి కారుకి నేను చేసింది అదే, నోస్‌లో పట్టినంత పెద్దది తెచ్చి పెట్టాను. ట్రాఫిక్‌లో ఆగితే ఫ్యాన్ తిరిగి, వేడి చూపే ముల్లు బుద్ధిగా కిందికి దిగేది, గంటకు 100 కిలోమీటర్లకు వెళ్లగానే మళ్లీ ఎక్కేది. ఇది గుర్తుంచుకో: ఆగినప్పుడు వేడెక్కితే ముందు ఫ్యాన్‌ను అనుమానించు, పరుగెత్తేటప్పుడు వేడెక్కితే గాలి దారిని. నెల రోజులు నీళ్లు వేడెక్కాకే దారి వదిలే థర్మోస్టాట్, పంపు, మూత అన్నీ మార్చాను. చివరికి మీ అత్త అల్లికల బుట్టలోంచి ఎర్ర ఊలు పోగులు తీసి, నోస్ నోటి చుట్టూ, బానెట్‌లో గాలి పోవడానికి కోసిన చీలికలు, అదే లూవర్ల మీద టేపుతో అంటించాను. స్నేహితుడు పక్కన ఇంకో కారులో వస్తూ చూశాడు. నోటి దగ్గర పోగులు లోపలికి పోకుండా బయటికి విచ్చుకుంటున్నాయట. లూవర్లు నేను కోయించింది విండ్‌స్క్రీన్‌కు దగ్గరగా, అక్కడి పోగులైతే నా కళ్ల ముందే లోపలికి పీక్కుపోయాయి. విండ్‌స్క్రీన్ అడుగున గాలి ఒత్తిడి ఎక్కువ కదా, గాలి బయటికి పోవాల్సిన చోట లోపలికి వస్తోంది.

వీధి గుమ్మం బార్లా తీసి పెరటి గుమ్మం మూసేస్తే ఇంట్లో గాలి ఆడుతుందా? ఇదీ అంతే. లూవర్లు ముందుకి, రేడియేటర్ వెనకాలే కోయించు. ఇంజన్ పక్కల నుంచీ, కింద నుంచీ కూడా గాలి పోనీ. రేడియేటర్ చుట్టూ వేలు పట్టే సందు కూడా ఉంచకు, పల్చటి అల్యూమినియం రేకు, అంచుల్లో నురుగు పట్టీ పెట్టి మూసెయ్. సందు దొరికితే గాలి రేడియేటర్ గుండా ఎందుకు పోతుంది, పక్క నుంచి జారుకుంటుంది. నేను ఇవి చేశాక అదే కారు, అదే రేడియేటర్, ముల్లు కదల్లేదు.

అందుకే ముందు అట్టతో మొదలుపెట్టు. నోస్‌కోన్ బిగించి, లోపల అట్ట ముక్కను కత్తిరిస్తూ కూర్చోబెట్టు, వెనక ఫ్యాన్ మందం, పైపుల వంపు, స్టీరింగ్ ర్యాక్ అన్నీ లెక్కేసుకో. నా మాట వింటే పాత ఫోక్స్‌వాగన్ పోలో రేడియేటర్ కొలతతో కోయి, సుమారు 43 సెంటీమీటర్ల వెడల్పు, 32 ఎత్తు. ఇంగ్లండులో బైకు ఇంజన్ పెట్టుకున్నవాళ్లు ఎంతోమంది ఇదే వాడారు. చదునుగా ఉంటుంది, రెండు పైపులూ ఒకే పక్క, ఫ్యాన్ స్విచ్‌కు చోటు అందులోనే ఉంటుంది, కొత్తది కొన్నా చవకే. దాని పైపులు బైకువాటికంటే లావు, లావు పైపును సన్నదానికి కలిపే సిలికోన్ రెడ్యూసర్లు కావాలి. ఇంజన్ వణుకు ఫ్రేముకి నేరుగా వస్తుంది కాబట్టి రబ్బరు బుష్‌ల మీదే కూర్చోబెట్టు, లేకపోతే ప్లాస్టిక్ ట్యాంకు పగులుతుంది. సొంతంగా కట్టిన కారు రోడ్డెక్కే ముందు జరిగే ఐవీఏ పరీక్షలో చేతికందే పదునైన అంచులు చూస్తారు, నోటి దగ్గర రేకు అంచులు ఇప్పుడే గుండ్రంగా చెయ్.

పోలో దానికి మూత ఉండదు, అది మర్చిపోకు. విడిగా నీళ్లు పోసే చిన్న ట్యాంకు, అదే హెడర్ ట్యాంకు పెట్టాలి, అది మొత్తం సిస్టమ్‌లో అన్నిటికంటే ఎత్తున ఉండాలి. మన కార్లలో రేడియేటర్ కింద ఉంటుంది, ఇంజన్ సిలిండర్ హెడ్ దానికంటే ఎత్తులో ఉంటుంది, అందుకని గాలి బుడగ పోయి హెడ్‌లోనే కూర్చుంటుంది. రేడియేటర్ పైభాగం నుంచి ఒకటి, హెడ్ నుంచి ఒకటి సన్న పైపులు ట్యాంకుకి లాగు, ట్యాంకు అడుగు నుంచి పంపులోకి నీళ్లు వచ్చే వైపుకి లావు పైపు. మూత 1.1 బార్‌ది పెట్టు, కుక్కర్‌లాగా ఒత్తిడి మీద నీళ్లు 120 డిగ్రీల దాకా మరగవు. మొదటిసారి స్టార్ట్ చేశాక రేడియేటర్ మీద చెయ్యి పెట్టి చూడు, పైన వేడెక్కి, చాలాసేపటికీ కింద చల్లగానే ఉంటే బుడగ ఇంకా ఉందన్నమాట. నోస్ పైకెత్తి గాలి మళ్లీ తీయి. ఓపిగ్గా చెయ్, తొందరపడితే హెడ్ గాస్కెట్ పోతుంది.

ఫ్యాన్ రేడియేటర్ వెనక నుంచి లాగేదే మేలు. స్విచ్ 92 డిగ్రీలకి ఆన్, 87కి ఆఫ్ అయ్యేది దొరుకుతుంది. ఆగే డిగ్రీ మాత్రం థర్మోస్టాట్ తెరుచుకునేదానికంటే పైన ఉండాలి, లేకపోతే ఫ్యాన్ ఆగదు. చిన్న స్విచ్‌తో పెద్ద కరెంటు నడిపే రిలే తప్పకుండా పెట్టు. పది ఆంపియర్లు లాగే ఫ్యాన్, హెడ్‌లైట్లు, పెట్రోలు పంపు అన్నీ కలిస్తే బైకు జనరేటర్‌కి భారమవుతుంది, అందుకని మరీ పెద్ద ఫ్యాన్ కొనకు. థర్మోస్టాట్ తీసేయమని ఎవరైనా చెప్తే వినకు, ఇక్కడి చలికాలంలో ఇంజన్ వేడెక్కనే ఎక్కదు.

ఆదివారం వస్తున్నా. అట్ట, కత్తెర, ఊలు పోగులు తీసి ఉంచు. నోస్‌కోన్‌కి రంగు మాత్రం అప్పుడే వేయించకు, లూవర్లు ఎక్కడ కోయాలో ఇద్దరం కలిసి చూద్దాం.

మీ మామయ్య