గోడౌన్ ప్రింటర్‌కి బిల్లు వెళ్ళట్లేదన్నావు కదా

చిరంజీవి సురేష్‌కి,

మావయ్య ఆశీస్సులు. నీ మెసేజ్ చదివాను. గోడౌన్ కంప్యూటర్లో ఆఫీసు టాలీ (లెక్కల సాఫ్ట్‌వేర్) బాగానే తెరుచుకుంటోంది, ఆఫీసు నుంచి మాత్రం గోడౌన్ ప్రింటర్‌కి బిల్లు వెళ్ళట్లేదు అన్నావు. సగం జవాబు నువ్వే చెప్పేశావు. ఒకవైపు నుంచి పని జరుగుతోందంటే కేబుల్ బాగానే ఉందన్నమాట. కాబట్టి వైర్లు పీకి పెట్టడం, అన్నీ ఆపి మళ్ళీ ఆన్ చెయ్యడం మానెయ్. రూటర్ ఆపిన ప్రతిసారీ అందులోని లాగ్ (జరిగినవి రాసుకునే పట్టీ) కూడా చెరిగిపోయే అవకాశం ఉంది.

ముందు ఒక కాగితం తీసుకుని నెట్‌వర్క్ బొమ్మ గీయి. నువ్వు చెప్పినదాన్ని బట్టి ఆఫీసు సబ్‌నెట్ (ఒకే గుంపు ఐపీ అడ్రసులున్న నెట్‌వర్క్ భాగం) 192.168.1.0, ఇంటర్నెట్ వాళ్ళిచ్చిన రూటర్ 192.168.1.1. గోడౌన్ కోసం కొన్న రెండో రూటర్‌కి ఆఫీసువైపు 192.168.1.2, గోడౌన్‌వైపు 192.168.10.1. ప్రింటర్ 192.168.10.50. రెండుచోట్లా మాస్క్ (ఏ అడ్రసులు తన సబ్‌నెట్‌లోవో చెప్పే అంకె) 255.255.255.0 అని నమ్మేయకు, ప్రతి మెషీన్లో కళ్ళతో చూడు. ఎక్కడైనా 255.255.0.0 పడితే ఆ కంప్యూటర్ గోడౌన్‌ని కూడా తన పక్కనే ఉందనుకుని, గేట్‌వే (వేరే సబ్‌నెట్‌కి దారి చూపే రూటర్) దగ్గరికి వెళ్ళకుండా అక్కడే పిలుస్తూ కూర్చుంటుంది.

తర్వాత పింగ్, అంటే అవతలి మెషీన్ పలుకుతోందో లేదో చూసే కమాండ్. ఆఫీసు కంప్యూటర్ నుంచి వరసగా 1.1, 1.2, 10.1, 10.50 (అన్నిటికీ ముందు 192.168 చేర్చుకో). ఎక్కడ ఆగిందో రాసుకో. ఆగినప్పుడు తెరమీద వచ్చే మాట కూడా ముఖ్యమే. 'డెస్టినేషన్ హోస్ట్ అన్‌రీచబుల్' అని నీ కంప్యూటర్ ఐపీయే జవాబిస్తే, ప్యాకెట్ (పంపిన డేటా ముక్క) అసలు బయటికే వెళ్ళలేదు. మాస్క్, గేట్‌వే చూసుకో. 'రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్' వస్తే ప్యాకెట్ దారిలో పోయి ఉండొచ్చు, లేదా అక్కడిదాకా చేరి జవాబు తిరిగి రాక ఉండొచ్చు. ఈ రెండోదాన్ని చాలామంది ఆలోచించరు. ఊరికి వెళ్ళే బస్సు ఉన్నంతమాత్రాన తిరుగు బస్సు ఉంటుందని లేదు కదా. జవాబు వచ్చిన చోట టీటీఎల్ (రూటర్ దాటినప్పుడల్లా ఒకటి తగ్గే) అంకె కూడా చూడు. ఒకే సబ్‌నెట్‌లోని విండోస్ మెషీన్ మామూలుగా 128 చూపిస్తుంది, మధ్యలో ఒక రూటర్ దాటితే 127.

ఇక నీ కేసు. ఆ రెండో రూటర్ మామూలు వైఫై రూటర్. దాని వాన్ (ఇంటర్నెట్ కేబుల్ పెట్టే) పోర్టులో ఆఫీసు కేబుల్ గుచ్చారు కాబట్టి అది నాట్ చేస్తోంది, అంటే లోపలి అడ్రసులని తన అడ్రసు వెనక దాచేస్తోంది. గోడౌన్ నుంచి వచ్చే ప్రతిదాన్నీ 192.168.1.2 పేరుమీద పంపుతుంది, అందుకే టాలీ సర్వర్ జవాబివ్వగలుగుతోంది. బయటి నుంచి, అంటే ఆఫీసు నుంచి, లోపలికి వచ్చేదాన్ని మాత్రం రానివ్వదు. దాని దృష్టిలో మీ ఆఫీసు కూడా ఇంటర్నెట్టే!

నాట్ తీసేస్తే సరిపోతుందా? తీసి ఊరుకుంటే ఇప్పుడు నడుస్తున్న టాలీ కూడా ఆగిపోతుంది. 192.168.10.0 ఎక్కడుందో 1.1 రూటర్‌కి తెలియదు, సర్వర్ ఇచ్చిన జవాబుని తీసుకెళ్ళి ఇంటర్నెట్‌వైపు తోసేస్తుంది. అందుకని 1.1లో ఒక స్టాటిక్ రూట్ (మనం చేత్తో రాసే దారి) రాయాలి: 192.168.10.0, మాస్క్ 255.255.255.0, గేట్‌వే 192.168.1.2. రెండో రూటర్ ఫైర్‌వాల్లో (ఏది లోపలికి రావచ్చో తేల్చే కాపలా) ఆఫీసు నుంచి వచ్చేదాన్ని అనుమతించాలి. ఇవన్నీ అయ్యాక గోడౌన్‌లో ఇంటర్నెట్ వస్తోందో లేదో కూడా చూడు. కొన్ని రూటర్లు తమ సొంత సబ్‌నెట్‌కి తప్ప వేరేదానికి నాట్ చెయ్యవు.

అప్పుడు కూడా ఒక వింత కనపడొచ్చు. పింగ్ చక్కగా వెళ్తుంది, టాలీ మాత్రం తిరుగుతూనే ఉంటుంది. గోడౌన్ ప్యాకెట్ 1.2 నుంచి నేరుగా సర్వర్‌కి చేరుతుంది, సర్వర్ జవాబు మాత్రం దాని గేట్‌వే అయిన 1.1 మీదుగా బయలుదేరుతుంది. మొదటి పలకరింపు చూడని 1.1 ఫైర్‌వాల్, ఈ జవాబు ఎక్కడిదని అనుమానించి పారేస్తుంది. సర్వర్‌లోనే గోడౌన్‌కి రూట్ రాసేస్తే సర్దుకుంటుంది. కానీ రేపు ఇంకో కంప్యూటర్ కొంటే దానికీ రాయాలి. నన్నడిగితే రెండు సబ్‌నెట్లనీ ఒకే రూటర్ మీదకి, వేరువేరు పోర్టుల్లోకి తెచ్చెయ్. అప్పుడు ఈ స్టాటిక్ రూట్ల గొడవే ఉండదు. మీ నాన్నకి ఖర్చు అనిపిస్తే నేను మాట్లాడతాను.

ప్రింటర్ సంగతి మర్చిపోకు. దాని సెట్టింగుల్లో గేట్‌వే 192.168.10.1 అని ఉందా? ఖాళీగా ఉంటే గోడౌన్‌లో ప్రింట్ వస్తుంది, ఆఫీసు నుంచి రాదు. నువ్వు రూటర్లతో ఎంత కుస్తీ పట్టినా లాభం ఉండదు. విండోస్ కంప్యూటర్లకి పింగ్ చేసేటప్పుడు ఇంకో తిరకాసు: ఫైల్ షేరింగ్, పింగ్ అనుమతులు ప్రైవేట్ ప్రొఫైల్లో (మనం నమ్మే నెట్‌వర్క్‌కి విండోస్ వాడే సెట్టింగు) మామూలుగా 'లోకల్ సబ్‌నెట్'కే ఉంటాయి. ఫైర్‌వాల్ మొత్తం ఆపెయ్యకు, ఆ రూల్‌లో అవతలి సబ్‌నెట్ చేర్చు. షేర్ ఫోల్డర్ పేరుతో తెరుచుకోకపోతే ఐపీతో తెరిచి చూడు, అది పేరు సమస్యే కావచ్చు.

ఈ మార్పులు మధ్యాహ్నం బిల్లింగ్ టైంలో మొదలుపెట్టకు. షాపు కట్టేశాక కూర్చో, ముందు రెండు రూటర్ల సెట్టింగులూ బ్యాకప్ తీసుకో, ఒక్కో మార్పు చేసి పరీక్షించు. ఈలోపు ఆఫీసు నుంచి గోడౌన్‌కి, గోడౌన్ నుంచి ఆఫీసుకి ట్రేస్‌రూట్ (ప్యాకెట్ ఏ రూటర్ల మీదుగా వెళ్తోందో చూపే కమాండ్) కొట్టి రెండు ఫోటోలూ పంపు. రాత్రి తొమ్మిది దాటాక ఫోన్ చెయ్యి, ఖాళీగానే ఉంటాను.

మీ మావయ్య