నాన్నగారి ఆర్‌ఎక్స్ 100 కోసం అప్పు చేయవచ్చా?

ప్రశ్న: మాది ఏలూరు. నా వయసు 38 ఏళ్లు. ప్రైవేటు ఉద్యోగం, నెలకు 46,000 రూపాయలు చేతికి వస్తాయి. అమ్మ, భార్య, నాలుగో తరగతి చదివే పాప నాతో ఉంటారు. ఇంటి అద్దెతో కలిపి నెలకు 36,000 ఖర్చవుతుంది. పాప పేరున 3,000 రికరింగ్ డిపాజిట్ కడుతున్నాను. బ్యాంకులో 1,20,000 ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది. దసరాకు 25,000 బోనస్ వస్తుంది. టర్మ్ పాలసీ (నాకేమైనా అయితే కుటుంబానికి డబ్బు వచ్చే జీవిత బీమా) లేదు. మా నాన్నగారు 1994లో కొన్న యమహా ఆర్‌ఎక్స్ 100 మా షెడ్డులో ఉంది. 2009లో ఒకసారి రిజిస్ట్రేషన్ పొడిగించారు, 2014 తర్వాత ఎవరూ నడపలేదు. ఆయన 2019లో కాలం చేశారు. బండిని పూర్తిగా బాగుచేయడానికి మెకానిక్ 1,40,000 అంచనా ఇచ్చాడు, దాని పద్దులు ఈ ఉత్తరంతో పంపుతున్నాను. బ్యాంకు 15 శాతం వడ్డీకి మూడేళ్ల గడువుతో 1,50,000 వ్యక్తిగత రుణం ఇస్తానంటోంది. నా భార్య తన నగలు తాకట్టు పెడదామంటోంది. ఈ బండ్లకు ఇప్పుడు మంచి ధర చెబుతున్నారు, ఇది ఖర్చు కాదు, పెట్టుబడి అని మా బావమరిది అంటున్నాడు. కొంత పని ఆదివారాల్లో నేనే చేసుకోవాలని కూడా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: బండిని బాగుచేసుకోండి. దాని కోసం అప్పు మాత్రం చేయవద్దు, నగలు తాకట్టు పెట్టవద్దు, ఫిక్స్‌డ్ డిపాజిట్‌ను కదపవద్దు. రెండేళ్లు ఓపిక పడితే మీ జీతంలోంచే ఈ పని చేసుకోవచ్చని మీరు పంపిన లెక్కలే చెబుతున్నాయి.

ముందు రుణం సంగతి చూద్దాం. 1,50,000 రూపాయలకు 15 శాతం వడ్డీతో 36 నెలలు కట్టాలంటే నెలవారీ వాయిదా దాదాపు 5,200 అవుతుంది, మూడేళ్లలో మీరు కట్టే మొత్తం 1,87,200కు చేరుతుంది. అంటే వడ్డీకే 37,200 పోతుంది. మీరు పంపిన పద్దుల్లో ఇంజిన్ పని మొత్తానికీ మెకానిక్ వేసింది 38,000, వడ్డీ కూడా దాదాపు అంతే. మీ ఇంట్లో ఖర్చులు, పాప డిపాజిట్ పోగా నెలకు మిగిలేది 7,000 మాత్రమే. అందులో 5,200 వాయిదాకు పోతే మిగిలే 1,800తో అమ్మగారి మందులో, పాప బడి ఫీజో అనుకోకుండా మీద పడిన నెలలో మీరు మళ్లీ క్రెడిట్ కార్డు తీయవలసి వస్తుంది. నగల మీద అప్పుకు వడ్డీ తక్కువే ఉండవచ్చు. కానీ ఇంట్లో నిజమైన ఆపద వచ్చిననాడు గంటలో డబ్బు తెచ్చిపెట్టేది ఆ నగలే కాబట్టి, వాటిని ఒక సరదా కోసం బ్యాంకు లాకరులో పెట్టించడం నాకు సమ్మతం కాదు. ఆ మాట ముందుగా మీ భార్యగారి నోటి నుంచే వచ్చిందంటే ఆమెకు మీ మీద, మీ నాన్నగారి జ్ఞాపకం మీద ఎంత అభిమానమో తెలుస్తోంది. ఆ అభిమానానికి గౌరవంగానైనా నగలను ఇంట్లోనే ఉండనివ్వండి.

ఇక పెట్టుబడి అన్న మాట. 1985లో మన దేశంలో అమ్మకానికి వచ్చి 1996లో తయారీ ఆగిపోయిన ఈ 98 సీసీ బండికి ఈనాటికీ అభిమానులు ఉన్నారన్నది నిజం. అయితే మీ బావమరిది చూసినవి అమ్మేవాళ్లు చెబుతున్న ధరలు, కొనేవాళ్లు చెల్లించిన ధరలు కావు. పైగా, మీరు ఈ బండిని అమ్మరు. అమ్మే ఉద్దేశం ఉంటే మీ ఉత్తరంలో నాన్నగారి ప్రస్తావన అన్నిసార్లు వచ్చేది కాదు. అమ్మని వస్తువు మీద పెట్టిన డబ్బును ఇంటి ఖర్చుల పద్దులోనే రాసుకోవాలి. అలా రాసుకున్నప్పుడే దానికి ఒక హద్దు గీసుకోగలం, పెట్టుబడి అనుకుంటే ప్రతి కొత్త విడిభాగానికీ ఒక సమర్థన దొరుకుతూనే ఉంటుంది. ఒకవేళ ఎప్పటికైనా అమ్మితే, సొంత వాడకానికి ఉంచుకున్న వాహనం ఆదాయపు పన్ను చట్టం దృష్టిలో మూలధన ఆస్తి కాదు కనుక లాభం మీద మూలధన లాభాల పన్ను పడదు, నష్టం వస్తే దాన్ని సర్దుబాటు చేసుకునే వీలూ ఉండదు. ఇది నచ్చి వరుసగా పాత బండ్లు కొని, బాగుచేసి, అమ్మడం మొదలుపెడితే మాత్రం ఆ రాబడి వ్యాపార ఆదాయం కిందికి వస్తుంది.

స్పానరు పట్టుకోవడానికి ముందు చేయవలసిన పని కాగితాలది. దీని మీద కొంచెం ఎక్కువ రాస్తున్నాను, ఎందుకంటే పాత బండ్ల మీద డబ్బు పోగొట్టుకున్న వాళ్లలో నాకు తెలిసిన చాలామంది ఇంజిన్ దగ్గర కాదు, ఇక్కడే పోగొట్టుకున్నారు. మోటారు వాహనాల చట్టం ప్రకారం సొంత వాహనం రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది, ఆ తర్వాత ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. మీ బండికి ఆ గడువు 2014లో ముగిసింది. పొడిగింపు ఆలస్యమైతే మోటారు సైకిళ్లకు నెలకు 300 రూపాయల అదనపు రుసుము విధించే నిబంధన 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. నాలుగేళ్లకే అది 14,400 అవుతుంది. 20 ఏళ్లు దాటిన మోటారు సైకిల్‌కు పొడిగింపు రుసుమును 2025 ఆగస్టులో 2,000 రూపాయలకు పెంచారు. దీనికి తోడు హరిత పన్ను ఉంటుంది. యజమాని చనిపోతే వారసులు 30 రోజుల్లోపు రవాణా కార్యాలయానికి తెలియజేసి, మూడు నెలల్లోపు 31వ నంబరు ఫారంతో పేరు మార్పిడికి దరఖాస్తు చేసుకోవాలి. ఆ గడువు కూడా మీకు ఎప్పుడో దాటింది కనుక దాని ఆలస్య రుసుము వేరుగా పడుతుంది. వీటన్నిటికీ మీ దసరా బోనస్ 25,000ను పూర్తిగా పక్కన పెట్టండి. రిజిస్ట్రేషన్ లేని బండితో రోడ్డెక్కితే మొదటిసారికే 5,000 వరకు జరిమానా ఉంటుంది. అంతకన్నా పెద్ద ప్రమాదం ఏమిటంటే, అలాంటి బండి ఎవరినైనా గుద్దితే బీమా సంస్థ పక్కకు తప్పుకొని ఆ పరిహారం భారం మీ కుటుంబం మీదికే రావచ్చు.

మీ బండి పాత ఏపీ 37 (పశ్చిమ గోదావరి జిల్లా) నంబరు వివరాలు రవాణా శాఖ కంప్యూటర్లలో ఉన్నాయో లేదో ముందు తేల్చుకోండి. చేతిరాత రిజిస్టర్ల కాలం నాటి బండ్లలో కొన్నిటి వివరాలు కంప్యూటర్లోకి ఎక్కలేదు, వాటిని పాత ఆర్‌సీ చూపించి ఎక్కించుకోవాలి. ఆ ఆర్‌సీ పోయి, రికార్డూ లేకపోతే, ఆ బండిని శుభ్రం చేసుకొని ఇంట్లో జ్ఞాపకంగా ఉంచుకోవడమే మంచిది, రోడ్డు కోసం దాని మీద 1,40,000 పెట్టడం తగదు.

మెకానిక్ అంచనాలో ఇంజిన్‌కు 38,000, రంగు, క్రోమ్ పనికి 45,000, చక్రాలు, టైర్లకు 22,000, వైరింగు, లైట్లకు 12,000, వేగం పెంచే సైలెన్సరు, పోర్టింగ్‌కు (వేగం కోసం సిలిండరు రంధ్రాలను మార్చడం) 15,000, కూలి 8,000 అని ఉంది. ఇందులో ఆ 15,000ను పూర్తిగా కొట్టేయండి. తయారీదారు ఇచ్చిన రూపానికి భిన్నంగా బండిని మారిస్తే యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ విధించే వీలు చట్టంలో ఉంది. రంగును అన్నిటికన్నా చివరకు నెట్టండి. ఇంజిన్, చక్రాలు, వైరింగు కలిపితే 72,000. బండి సురక్షితంగా నడవడానికి, తనిఖీలో నిలబడడానికి కావలసింది అంతే.

ఆ 72,000 ఎక్కడి నుంచి రావాలి? మిగిలే 7,000లో ముందుగా 1,000 టర్మ్ పాలసీకి కేటాయించండి. ముగ్గురు మీ మీద ఆధారపడిన సంసారంలో అది లేకపోవడమే మీ ఉత్తరంలో నన్ను అన్నిటికన్నా కలవరపెట్టిన విషయం. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత బీమా ప్రీమియం మీద జీఎస్టీ కూడా లేదు. 3,000 అత్యవసర నిధికి వేయండి. మీ ఆరు నెలల ఖర్చు 2,16,000, చేతిలో ఉన్నది 1,20,000, రెండేళ్లలో అది 1,92,000 అవుతుంది. మిగతా 3,000 బండిది. దానికి వేరే సేవింగ్స్ ఖాతా తెరిచి, జీతం పడిన మర్నాడే అందులోకి వెళ్లేలా బ్యాంకుకు చెప్పి పెట్టండి. 24 నెలలకు సరిగ్గా 72,000. ఆ ఖాతాలో డబ్బు లేని నెలలో విడిభాగం కొనకూడదన్న నియమం ఒక్కటి పాటించండి.

మీరే పని చేసుకోవాలన్న కోరిక నాకు చాలా నచ్చింది, అది కూలి 8,000 మిగులుతుందని మాత్రం కాదు. ట్యాంకు తుప్పు వదిలించడం, కార్బొరేటరు విప్పి జెట్లు శుభ్రం చేయడం, బ్రేకు షూలు, కేబుళ్లు మార్చడం, వైరింగు సరిచూసుకోవడం వంటివి ఓపికగా నేర్చుకుంటే చేయగలిగినవే. ఒక్కో భాగం విప్పే ముందు ఫొటో తీసి, నట్లు, బోల్టులు చిన్న డబ్బాల్లో వేసి పైన పేరు రాసి పెట్టుకోండి. క్రాంకు, సిలిండరు పని మాత్రం అనుభవం ఉన్న చేతికి, లేత్ పనికి పేరున్న విజయవాడ ఆటోనగర్ వంటి చోటుకు వదిలేయండి.

ఇంజిన్ విప్పక ముందే విడిభాగాలు కొనవద్దు. ఈ తప్పు నేను చేశాను. కొన్నేళ్ల క్రితం ఇలాంటిదే ఒక రెండు స్ట్రోకుల బండికి స్టాండర్డ్ సైజు పిస్టన్, రింగులు ముందే తెచ్చి పెట్టుకున్నాను. హెడ్డు, సిలిండరు తీసి, పాత పిస్టన్ నెత్తిన పేరుకున్న మసిని కిరసనాయిలు గుడ్డతో తుడిస్తే 50 అన్న అంకె బయటపడింది. అంటే ఆ సిలిండరుకు ఇంతకు ముందే బోరు కొట్టించి, అంటే లోపలి వెడల్పు కొంచెం పెంచి, అర మిల్లీమీటరు పెద్ద పిస్టన్ వేశారన్నమాట. నేను తెచ్చినది దానికి ఎందుకూ పనికిరాలేదు, అమ్మిన దుకాణం తిరిగి తీసుకోలేదు. మీ బండిలోనూ మొదట చూడవలసింది ఆ అంకెనే. ఇంకా ఎంత బోరుకు అవకాశం ఉందో లేత్ మేస్త్రీ కొలిచి చెప్పాకే పిస్టన్ కొనండి. ఇన్నేళ్లు కదలకుండా ఉన్న ఇంజిన్లో ఆయిల్ సీళ్లు గట్టిపడి ఉంటాయి, రెండు స్ట్రోకుల ఇంజిన్లలో వాడే 2టీ ఆయిలును ఇంజిన్‌కు అందించే చిన్న పంపూ మొరాయించవచ్చు. ఆ పంపు సరిగా కొడుతోందని తేలేదాకా పెట్రోలులోనే ఆయిలు కలిపి పోయండి. లేకపోతే కొత్త పిస్టన్ పది కిలోమీటర్లలో పట్టేసి, బోరు ఖర్చు రెండోసారి పెట్టవలసి వస్తుంది.

బీమా ఖర్చు పెద్దది కాదు. 2022 జూన్ నుంచి అమల్లో ఉన్న పట్టిక ప్రకారం 75 నుంచి 150 సీసీ మధ్య ద్విచక్ర వాహనానికి ఏడాది థర్డ్ పార్టీ ప్రీమియం 714 రూపాయలు, 18 శాతం జీఎస్టీతో 842 రూపాయల 52 పైసలు. మీ ఇంకో బండి పాలసీలో యజమానికి 15 లక్షల ప్రమాద బీమా ఇప్పటికే ఉంటే దాన్ని మళ్లీ కొనవలసిన పని లేదు. ఇంత పాత బండికి దొంగతనం బీమా దొరకడం కష్టం కాబట్టి మంచి గొలుసు, తాళం కొనండి.

రంగు వేయించే రోజు వచ్చాక ఒక జాగ్రత్త తీసుకోవాలి. ఆర్‌సీలో ఏ రంగు రాసి ఉందో అదే వేయించండి. ఫ్రేము మీద చెక్కిన ఛాసిస్ నంబరు మీద టేపు అంటించాకే స్ప్రేకు ఇవ్వండి. మందపు కోటింగు కింద ఆ అంకెలు పూడిపోతే, మనవాళ్లు బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అని పిలిచే తనిఖీ అధికారి కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దినప్పుడు ముద్ర పడదు, అప్పుడు కోటింగు గీకించి మళ్లీ వేయించుకోవాలి. ఇదే కారణంతో క్రాంకు కేసు పగిలి ఉంటే తప్ప మార్పించకండి, ఇంజిన్ నంబరు ఉండేది దాని మీదే.

ఈ వారంలో ఒక పని దినాన సెలవు పెట్టి, పాత ఆర్‌సీ, నాన్నగారి మరణ ధ్రువీకరణ పత్రం, కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం, వీలైతే అమ్మగారిని కూడా వెంటబెట్టుకొని రవాణా కార్యాలయానికి వెళ్లండి. పేరు మార్పిడికి మిగతా వారసుల సమ్మతి అడుగుతారు. పేరు మార్పిడి, పొడిగింపు రెండింటికీ కలిపి ఎంత కట్టాలో అక్కడే రాయించుకోండి. రికార్డు ఉందని వాళ్లు చెప్పిన రోజునే ఆ 3,000 రూపాయల ఖాతా తెరవండి.