దిగిన స్టాపు: అనుమానమా, అంచనానా?

సందేహం: లండన్ సిటీ బస్సుల్లో ఎక్కేటప్పుడే కార్డు తాకిస్తారు, దిగేటప్పుడు అక్కర్లేదు. ఆ డేటాతో ఎవరు ఎక్కడ దిగారో తేల్చే పద్ధతి మీద తెలుగులో వ్యాసం రాస్తున్నాను. "దిగిన స్టాపును అనుమానించడం" అని రాస్తే మా సార్ "అంచనా" అని దిద్దారు. ఏది సరి?
– ఒక పాఠకురాలు, తార్నాక, హైదరాబాద్

సమాధానం: మీ సార్ దిద్దింది తప్పనను గానీ, కాస్త తొందరపడ్డారు. అనుమానం అంటే శంకేనని మనం స్థిరపరచుకున్నాం, టీవీ వాళ్లు పొద్దస్తమానం "అనుమానాస్పదం" అని అరిచి ఆ మాటకు పోలీస్ స్టేషన్ వాసన పట్టించారు. తర్కంలో దాని హోదా వేరమ్మా. కనబడే గుర్తును పట్టుకుని కనబడనిదాన్ని తెలుసుకునే ప్రమాణం అది. మన తెలుగువాడే అన్నంభట్టు 'తర్కసంగ్రహం'లో చెప్పిన ఉదాహరణ చూడండి: పొగ ఉన్నచోటల్లా నిప్పుంటుందని వంటింట్లో పదేపదే చూసి తెలుసుకున్నవాడు, కొండ మీద పొగ కనబడగానే అక్కడా నిప్పుందని తేల్చుకుంటాడు. ఆ "ఉన్నచోటల్లా" అన్నదే వ్యాప్తి. మీ పద్ధతీ అంతేగా! ఒక కార్డు మళ్లీ ఎక్కడ తాకిందో చూసి, ఆ చోటికి దగ్గరగా ముందటి బస్సు ఆగే స్టాపులోనే ఆ మనిషి దిగి ఉంటాడంటారు, ఆ రోజు ఆఖరి బస్సుకైతే పొద్దున మొదట ఎక్కిన చోటికే తిరిగి చేరాడనుకుంటారు. కార్డు తాకిడి పొగ, దిగిన స్టాపు నిప్పు. మధ్యలో ఎవరి కారులోనో వెళ్లిపోయాడా, వ్యాప్తి చెడుతుంది, దాన్ని తార్కికులు "వ్యభిచారం" అంటారు (ఈ మాటకు మనం పట్టించిన గతి చెప్పక్కర్లేదు). ఇంకా పట్టుపడితే సాధనం అనుమానం, దానివల్ల కలిగే జ్ఞానం అనుమితి.

"ఊహ"కు ఆధారం ఉండి తీరాలన్న పట్టింపు లేదు, వదిలేయండి. "అందాజ" పారసీ మాట, మన ఊళ్లో బాగా నడుస్తుంది, మీరు రాస్తే నాకు సంతోషమే గానీ మీ సార్ ఒప్పుకోరు.

నేనైతే ఒక్కో ప్రయాణికుడి సంగతిలో అనుమానమనీ, అందరినీ కలిపి ఏ స్టాపులో ఎంతమంది దిగారన్న లెక్కకు అంచనా అనీ రాస్తాను, మరొకరు అంతటా అంచనా అంటే పోట్లాడను. "ప్రయాణికులను అనుమానించడం" అని మాత్రం వద్దు, టికెట్ లేనివాళ్లను పట్టుకుంటున్నారనుకుంటారు. "అనుమానం ద్వారా తేల్చడం" అనండి. మన మెట్రోలో ఈ చర్చే రాదు, బయటికొచ్చేటప్పుడూ గేటు దగ్గర కార్డు తాకించాలి కాబట్టి అది ప్రత్యక్షం కిందే లెక్క. అన్నట్టు, మీ ఉత్తరం చివర "అవరోహణ స్థానం" అని కూడా రాశారు. దిగే స్టాపుకు ఏమొచ్చింది?