ఎండాకాలంలో మూత్రం తగ్గి పచ్చగా వస్తుంది, బీరు తాగితే మాత్రం ఆగకుండా వస్తుంది. ఎందుకు?

రెండింటి వెనకా ఉన్నది మెదడు అడుగున శనగగింజంత ఉండే పిట్యూటరీ గ్రంథి వదిలే వాసోప్రెసిన్ అనే హార్మోనే: ఎండ దాన్ని పెంచుతుంది, ఆల్కహాల్ అణిచేస్తుంది.

చెమటలో నీళ్లు పోతే రక్తం చిక్కబడుతుంది. ఆ తేడా ఒకటి రెండు శాతమే ఉన్నా, పిట్యూటరీకి పైనే ఉన్న హైపోథాలమస్ అనే మెదడు భాగం పసిగడుతుంది. పిట్యూటరీకి 'మాస్టర్ గ్రంథి' అని పేరే గానీ, ఈ హార్మోన్‌ను తయారుచేసేది, ఎప్పుడు వదలాలో చెప్పేది హైపోథాలమసే. పిట్యూటరీ వెనక భాగం ఉత్త గోదాము. విడుదలైన వాసోప్రెసిన్ కిడ్నీలకు చేరగానే అవి మూత్రంలో పోవాల్సిన నీటిని వెనక్కి లాగేసుకుంటాయి.

మహారాష్ట్రలోని బల్లార్‌పూర్‌లో మే నెల, 45 డిగ్రీల ఎండ. బొగ్గు గనిలో డ్యూటీ చేసే మనిషి పొద్దున మూత్రానికి వెళ్తే మళ్లీ సాయంత్రమే. అదీ కాస్తంత, ఆవనూనె రంగులో. అదే మనిషి ఇంటికొచ్చి, నీళ్లు బాగా తాగి, ఆపైన రెండు బీర్లు పట్టిస్తే రాత్రంతా లేస్తూనే ఉంటాడు. బీరులోని నీళ్ల వల్ల కొంత, ఆల్కహాల్ వాసోప్రెసిన్‌ను ఆపడం వల్ల కొంత. సిగరెట్‌లోని నికోటిన్ దీనికి ఉల్టా, ఆ హార్మోన్‌ను పెంచుతుంది.

'బీరు చలువ, ఒంట్లో వేడంతా మూత్రంలో పోతుంది' అని చాలామంది గట్టిగా నమ్ముతారు. పోయేది వేడి కాదు, మర్నాటి చెమటకు కావాల్సిన నీళ్లు.