డల్లాస్ చలికి సాగో పామ్ నేలలో తట్టుకుంటుందా?

డల్లాస్ దగ్గరి ఫ్రిస్కోలో కొత్త ఇల్లు, గుమ్మం పక్కన నేలలోనే సాగో పామ్ నాటాలని ఉంది, కానీ పక్కింటివాళ్ళది ఒక్క చలికాలానికే మాడిపోయింది, మరి మాది బతుకుతుందా అని ఒకరు అడిగారు. బతుకుతుందండీ. ఏ రకం కొంటున్నారు, మొక్క మొదలు దగ్గర నీళ్ళు నిలుస్తున్నాయా లేదా అన్న రెండింటి మీదే చాలావరకు ఉంది.

సాగో పామ్ అని అమ్మేది సైకస్ రెవొల్యూటా. పామ్ జాతి కాదు, సైకడ్ అనే వేరే పురాతన మొక్కల జాతి. మన తిరుమల కొండల్లో పెరిగే సైకస్ బెడ్డోమీకి చుట్టం, పుట్టిల్లు మాత్రం దక్షిణ జపాన్. చలి 20 ఫారెన్‌హీట్ కిందికి, అంటే మైనస్ 7 సెల్సియస్ దాటితే మట్టలు మాడతాయి. 10 ఫారెన్‌హీట్ దగ్గర గంటల తరబడి ఆగితే మొద్దుకే ప్రమాదం. 2021 ఫిబ్రవరి 16న డల్లాస్ విమానాశ్రయంలో మైనస్ 2 ఫారెన్‌హీట్ నమోదైంది. అలాంటి రాత్రికి ఏ కప్పూ లేని సాగో ఆగదు.

నన్నడిగితే సైకస్ పాన్‌జీహువాయెన్సిస్ వెతికి కొనండి. చైనాలో సిచువాన్ ప్రాంతపు పొడి కొండల మొక్క, 1981లో పేరు పెట్టారు. మట్టలు నీలం ఛాయలో ఉంటాయి, చలికి రెవొల్యూటా కంటే కొన్ని డిగ్రీలు ఎక్కువ ఓర్చుకుంటాయి. ధర ఎక్కువ, సులువుగా దొరకదు. ఏదైనా సరే, మొద్దు కనీసం కొబ్బరికాయంత అయ్యాకే నేలలో పెట్టండి. అంతకంటే చిన్నదైతే చలి లోపలిదాకా దిగిపోతుంది.

ఇక నేల. మీ వైపు ఉన్నది మన నల్లరేగడి లాంటిదే: తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలు వారుతుంది. అందులో గుంట తీసి మంచి మట్టి నింపితే ఆ గుంట నీళ్ళతొట్టి అవుతుంది, చుట్టూ ఉన్న రేగడి చుక్క నీరు పోనివ్వదు. చలికి చచ్చిందనుకునే మొక్కల్లో ఇలా కుళ్ళినవీ ఉంటాయి. కాబట్టి గుంట కాదు, దిబ్బ కట్టండి. అడుగు ఎత్తు, 4 అడుగుల వెడల్పు. ఎక్స్‌పాండెడ్ షేల్ (కాల్చి ఉబ్బించిన తేలికపాటి రాతి ముక్కలు) ఒక వంతు, పైన్ బెరడు ముక్కలు ఒక వంతు, ఉన్న మట్టి ఒక వంతు. కుండీలో ఎంత లోతున ఉందో అంతే లోతు, మొవ్వు మట్టికి పైనే ఉండాలి. దక్షిణం వైపు ఇటుక గోడకు 4 అడుగుల దూరంలో పెడితే గోడ వేడి రాత్రిళ్ళు పనికొస్తుంది. చూరు నీళ్ళు మాత్రం మొవ్వులో పడకూడదు. లాన్ స్ప్రింక్లర్ తగిలే చోట అసలే వద్దు. నాటేది ఏప్రిల్‌లో, చలి వచ్చేలోపు వేరు పట్టాలి.

ఫోర్‌కాస్ట్ 22 ఫారెన్‌హీట్ చూపిస్తే మట్టలన్నీ పైకి ఎత్తి తాడుతో కట్టండి. చుట్టూ తీగ వల నిలబెట్టి ఎండుటాకులు నింపి, పైన ఫ్రాస్ట్ క్లాత్ (చలికి మొక్కల మీద కప్పే గుడ్డ) రెండు మడతలు నేల దాకా దించి ఇటుకలు పెట్టండి. నేల వేడి లోపల ఆగడానికే ఇదంతా, మొక్కకు చీర చుట్టినట్టు చుట్టి కింద వదిలేస్తే ప్రయోజనం లేదు. ప్లాస్టిక్ ఆకుకు తగలనివ్వకండి. మరీ దిగితే పాతకాలపు ఫిలమెంట్ క్రిస్మస్ బల్బుల దండ ఒకటి ఆకులకు ఆనకుండా లోపల వేయండి, ఎల్‌ఈడీలు చాలినంత వేడి ఇవ్వవు. గడ్డకట్టే చలి పోగానే తీసేయాలి.

మట్టలు మాడితే వెంటనే కోయకండి, మార్చి మధ్య దాకా అవే మొవ్వుకు గొడుగు. తర్వాత కోసి మొవ్వును బొటనవేలితో నొక్కి చూడండి. కొబ్బరిచిప్పలా గట్టిగా ఉంటే ప్రాణం ఉన్నట్టే. మెత్తగా దిగి పుల్లటి వాసన వస్తే కుళ్ళు పట్టింది. గట్టిగా ఉన్నదానికి రాగి మందు చల్లి ఊరుకోండి, కొత్త ఆకులు జులై, ఆగస్టు దాకా రాకపోవచ్చు. ఈలోగా పీకేసేవాళ్ళే ఎక్కువ, అదే బాధ. ఎరువు కూడా కొత్త మట్టలు విచ్చుకున్నాకే.

ఆ కొత్త మట్టలు పసుపుపచ్చగా, కాల్చిన అప్పడంలా ముడుచుకుని వస్తే అది చలి దెబ్బ కాదు, మాంగనీస్ లోపం. మీ సున్నపు నేలలో మామూలే. చిన్న మొక్కకు 30 గ్రాముల మాంగనీస్ సల్ఫేట్ పాదులో చల్లి నీళ్ళు పెట్టండి. ఎప్సమ్ సాల్ట్ వేసి మందు వేశామనుకుంటారు చాలామంది, అది మెగ్నీషియం, వేరు. పాడైన ఆకు బాగుపడదు, ఫలితం తర్వాతి ఆకుల్లో కనిపిస్తుంది.

ఆకు అడుగున సున్నం చిలకరించినట్టు తెల్లటి చుక్కలుంటే పొలుసు పురుగు. బాగా పట్టిన మట్టలు కోసి సంచిలో కట్టి చెత్తలో పడేయండి, కంపోస్టులో వద్దు. మిగిలినవాటికి హార్టికల్చరల్ ఆయిల్ (మొక్కల పురుగుల మీద చల్లే నూనె) రెండు వైపులా, రెండు వారాలకోసారి, కనీసం మూడుసార్లు.

ఇంట్లో కుక్కపిల్ల గానీ పాకే బిడ్డ గానీ ఉంటే ముందే ఆలోచించుకోండి. మొక్కంతా విషమే, ఎర్రటి గింజలు మరీను. కుక్క నమిలితే కాలేయం దెబ్బతింటుంది, వాంతుల కోసం చూడకుండా వెంటనే వెట్ దగ్గరికి తీసుకెళ్ళాలి.

మొక్క మొదలు దగ్గర పిలకలు వస్తే ఒకటి కోసి, ఆకులు తీసేసి, వారం నీడలో ఆరబెట్టి, ఇసుక పాలు ఎక్కువున్న మట్టిలో సగం దాకా పాతండి. వేరు రావడానికి నెలలు పడుతుంది. అది కుండీలో, చలికాలం గ్యారేజీలో ఉంటే బయటిది పోయినా మీ దగ్గర మొక్క ఉంటుంది.